భారీ గుమ్మడికి ఏ విత్తనం నాటాలి? తల్లి కాయ బరువు ఒక్కటే చూడకండి

మీ చేతిలో రెండు విత్తనాలున్నాయనుకోండి. ఒకటి 2500 పౌన్ల కాయలోది, అంటే 1100 కిలోలు దాటిన కాయ, గత సీజన్‌లోనే కోశారు, ఇంతవరకు ఎవరూ నాటి చూడలేదు. రెండోది 1900 పౌన్ల కాయలోది, కానీ దాని తోబుట్టువు విత్తనాలను పదిహేను మంది వేర్వేరు చోట్ల నాటారు, వాళ్లలో ఎక్కువమందికి 1700 పౌన్లు దాటిన కాయలొచ్చాయి. మీకు చోటు ఒక్క పాదుకే ఉంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు దాదాపు అందరూ మొదటిదే పట్టుకుంటారు. నేనైతే రెండోదే నాటుతాను, ఒక్క పాదు వేసేవాళ్లు ఎవరడిగినా అదే చెబుతాను. ఎందుకో తెలియాలంటే గుమ్మడి విత్తనంలో అసలు ఏముంటుందో, కాయ బరువులో దాని వాటా ఎంతో కొంచెం అర్థం చేసుకోవాలి.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. విత్తనాల ప్యాకెట్ మీద పెద్ద గుమ్మడి బొమ్మ ఉన్నంత మాత్రాన అది ఒకే రకం అనుకోవద్దు. బిగ్ మ్యాక్స్, ప్రైజ్‌విన్నర్ లాంటివి మామూలు గుమ్మడి కంటే చాలా పెద్దవే, కానీ ముప్పై నుంచి డెబ్భై కిలోల దగ్గర ఆగిపోతాయి. ప్రైజ్‌విన్నర్ ఎఫ్1 హైబ్రిడ్, అంటే రెండు వేర్వేరు వంశాలను కలిపి తీసిన మొదటి తరం, కాబట్టి కాయలన్నీ దాదాపు ఒకేలా, చక్కటి నారింజ రంగులో, గుండ్రంగా వస్తాయి. చూడ్డానికి అందంగా ఉండే పెద్ద కాయ, టెన్షన్ లేకుండా, కొద్ది చోటులో కావాలంటే అదే నాటండి, ఈ వ్యాసంలో మిగతాదంతా మీకు అక్కర్లేదు. కాకపోతే దాని విత్తనాలు దాచుకుని మళ్లీ నాటితే మాత్రం అదే కాయ వస్తుందని ఆశ పెట్టుకోకండి, హైబ్రిడ్ తర్వాతి తరంలో గుణాలు చెదిరిపోతాయి.

నిజంగా వందల కిలోలు కావాలంటే అట్లాంటిక్ జెయింట్ ఒక్కటే దారి. దీని శాస్త్రీయ నామం కుకుర్బిటా మాక్సిమా. కెనడాలోని నోవా స్కోషియాలో, విండ్సర్ అనే ఊళ్లో హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ల తరబడి ఎంచి ఎంచి పెంచిన వంశం ఇది. 1979 నుంచి 1982 వరకు వరసగా నాలుగేళ్లు ప్రపంచ పోటీ ఆయనే గెలిచాడు, 1981లో ఆయన కాయ 493.5 పౌన్లు తూగింది. దానికి ముందు కథ చూస్తే ఈ ఎంపిక ఎంత పని చేసిందో తెలుస్తుంది: 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో విలియం వార్నాక్ చూపించిన 403 పౌన్ల కాయ రికార్డును డెబ్భై ఏళ్లకు పైగా ఎవరూ దాటలేకపోయారు. డిల్ విత్తనాలు అందరి చేతుల్లోకి వచ్చాక 1996లో వెయ్యి పౌన్లు దాటింది, 2012లో రెండు వేలు దాటింది, 2025లో ఇంగ్లండ్‌లో పేటన్ సోదరుల కాయ 2819 పౌన్లు, అంటే సుమారు 1278 కిలోలు తూగింది. మట్టి, ఎరువు, నీళ్ల పద్ధతులు కూడా ఈలోపు చాలా మెరుగయ్యాయి, ఘనతంతా విత్తనానిదే అనలేం. కానీ అవే పద్ధతులు మామూలు గుమ్మడికి ఎంత పెట్టినా ఇందులో పదో వంతు కూడా రాదు.

ఇక్కడ కూడా రెండు దారులున్నాయి. అట్లాంటిక్ జెయింట్ అని రాసి ఉన్న కంపెనీ ప్యాకెట్ ఒకటి, ఫలానా కాయలోంచి తీశామని పేరు, పుట్టుక రాసి ఇచ్చే పెంపకందారుల విత్తనం ఇంకొకటి. కంపెనీ ప్యాకెట్‌లో వంశం అదే అయినా తల్లెవరో తండ్రెవరో తెలియదు, గట్టిగా ఎంపిక జరిగి ఉండదు కూడా. శ్రద్ధగా పెంచితే వంద, రెండు వందల కిలోలు వస్తాయి, మొదటి ఏడాది పని నేర్చుకోవడానికి అది చాలు. కానీ మీరు ఒక కాయ కోసం నాలుగైదు నెలలు రోజూ తీగల వెంట తిరగబోతున్నారు. ఆ శ్రమంతా పుట్టుక తెలియని విత్తనం మీద పెట్టడం నాకు నచ్చదు. పేరున్న విత్తనాలు దొరకడం మనం అనుకునేంత కష్టం కాదు, ఈ పెంపకందారులు పంచుకోవడంలో ఉదారంగా ఉంటారు, తపాలా ఖర్చు పెట్టుకుంటే పంపించేవాళ్లు చాలామంది ఉంటారు. బాగా పేరుపడ్డవి మాత్రం వేలంలోనే దొరుకుతాయి.

పేరు చదవడం

విత్తనానికి పేరు పెట్టే పద్ధతి చాలా తేలిక. కాయ బరువు పౌన్లలో, పెంచినవాళ్ల ఇంటిపేరు, ఏడాది. 2145 మెక్‌మలెన్ 2015 అంటే 2015లో మెక్‌మలెన్ పెంచిన 2145 పౌన్ల కాయలోని విత్తనం. దాని పక్కనే తల్లి × తండ్రి అని రాస్తారు. ముందు ఉన్నది ఎప్పుడూ తల్లే, అంటే ఏ విత్తనం మొక్కకు ఆ కాయ కాసిందో అది. రెండోది పుప్పొడి ఇచ్చిన మొక్క. రెండో చోట సెల్ఫ్ అని ఉంటే అదే మొక్క మగ పువ్వుతో అదే మొక్క ఆడ పువ్వుకు పరాగసంపర్కం చేశారన్నమాట. సిబ్ అని ఉంటే ఒకే కాయ విత్తనాల నుంచి పెరిగిన రెండు మొక్కల మధ్య జరిగింది. ఓపెన్ అని ఉంటే తేనెటీగలు చేసిన పని, తండ్రి ఎవరో ఎవరికీ తెలియదు. బరువు పక్కన డ్యామేజ్ అనో, అంచనా బరువు అనో ఉంటే ఆ కాయ పగిలిందో కుళ్లిందో, పోటీకి పనికి రాలేదన్నమాట.

ఇక్కడ చాలామంది తడబడేది ఒకటుంది. ఈ ఏడాది మీ పాదు మీద కాసే కాయ సైజుకూ, మీరు ఆ పువ్వుకు వేసే పుప్పొడికీ సంబంధం లేదు. కాయ తోలు, గుజ్జు, గోడ అంతా తల్లి మొక్క కణజాలమే. పుప్పొడి వాటా లోపల ఉన్న గింజల్లో మాత్రమే, అది బయటపడేది వచ్చే సీజన్‌లో ఆ గింజలు నాటినప్పుడు. అందుకే, పాదు మీద గొప్ప తండ్రి పుప్పొడి వేశాం కాబట్టి కాయ పెద్దదవుతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి. అలాగే 2500 పౌన్ల కాయలోని విత్తనం కొంటున్నప్పుడు ఆ బరువు తల్లి మొక్క సాధించింది, మీ విత్తనంలో సగం జన్యువులు తండ్రివి. ఆ తండ్రి ఎవరో చూడకుండా కొనడమంటే సగం సంగతి తెలుసుకోకుండా కొనడమే.

బరువు ఎందుకు మోసం చేస్తుంది

కాయ బరువును నిర్ణయించే జన్యువు ఏదో ఒకటి లేదు. చాలా జన్యువులు, ఒక్కోటి కొంచెం కొంచెం, కలిసి పని చేస్తాయి. దాని మీద మట్టి, వాతావరణం, నీళ్లు, పిందె ఎప్పుడు కట్టింది, పెంచిన మనిషి అనుభవం, ఇవన్నీ కూడుతాయి. ప్రపంచంలో ఆ ఏడాది తూగిన వాటిల్లో పైనున్న పది కాయలు తీసుకుంటే వాటిలో మంచి జన్యువులూ ఉంటాయి, అన్నీ కలిసొచ్చిన సీజనూ ఉంటుంది. సీజన్ విత్తనంలోకి ఎక్కదు. అందుకే రికార్డు కాయ పిల్లలు సగటున తల్లి కంటే తక్కువే తూగుతాయి, అది విత్తనం లోపం కాదు, లెక్క అంతే. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు గానీ, రికార్డు గుమ్మడి విషయంలో చాలాసార్లు మేస్తుంది.

దీనికి ఉలటాగా కూడా జరుగుతుంది. 723 బోబియర్ అనే విత్తనం 1999 నాటిది. ఆ ఏడాది ప్రపంచ రికార్డు 1131 పౌన్లు, ఈ కాయ దానికి దరిదాపుల్లో కూడా లేదు. కానీ దాని గింజలు నాటినవాళ్లకు వరసగా పెద్ద కాయలొచ్చాయి, ఆ తర్వాతి ఎన్నో వంశాల్లో అది కనబడుతుంది. 2145 మెక్‌మలెన్ సంగతీ అంతే, 2015లో అది రికార్డు కాయ కాదు, అంతకు ముందు ఏడాదే స్విట్జర్లాండ్‌కు చెందిన బెని మయర్ 2323 పౌన్లు దాటించేశాడు. అయినా ఆ తర్వాతి సీజన్లలో బరువైన కాయల పుట్టుక చూస్తే తల్లిగానో తండ్రిగానో ఈ పేరు పదే పదే వస్తుంది. ఇలాంటివి ముందుగా బరువు చూసి పట్టుకోలేం, పిల్లలు తూగాకే తెలుస్తుంది.

కాబట్టి విత్తనం ఎంచుకునేటప్పుడు ముందు పిల్లల జాబితా, అంటే ఆ కాయ గింజలు నాటినవాళ్లకు వచ్చిన కాయల బరువుల జాబితా, అడగండి. ఆ జాబితా చదవడంలో కూడా జాగ్రత్త కావాలి. పైన ఉన్న ఒక్క పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు, ఎంతమంది నాటితే ఎన్ని కాయలు తూకందాకా వచ్చాయో, మధ్యలో ఉన్న కాయ బరువెంతో చూడండి. ముప్పై మంది నాటి ఒకరికి 2200, మిగతావాళ్లకు 1200 వస్తే అది ఆ ఒక్క మనిషి గొప్పతనం. పది మంది నాటి ఏడుగురికి 1600, 1800 మధ్య వస్తే అది విత్తనం గొప్పతనం.

పేరున్న విత్తనాలు మొదట ఎవరి చేతికి వెళ్తాయి? అనుభవజ్ఞులకు. వాళ్లు దాన్ని తమ దగ్గరున్న మంచి మట్టిలో, ముందు వరసలో, ఎక్కువ శ్రద్ధతో పెంచుతారు. అప్పుడు పెద్ద కాయలు రావడం సహజం, ఆ కాయలు చూసి పేరు ఇంకా పెరుగుతుంది. అదే సమయంలో కొత్తగా పెంచిన మనిషి ఇచ్చిన మంచి విత్తనం ఎవరూ నాటక మరుగున పడిపోతుంది. ఈ పక్షపాతం తీసేయాలంటే ఒకే మనిషి ఒకే ఏడాది పక్కపక్కన రెండు మూడు రకాలు నాటిన చోట ఏది ముందుందో వెతకండి. అలాంటి పోలిక రెండు మూడు తోటల్లో ఒకే ఫలితం ఇస్తే, ఇరవై వార్తల కన్నా దాన్నే నేను నమ్ముతాను.

సెల్ఫ్, క్రాస్, ఓపెన్: ఏది?

ఓపెన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల అన్నీ భారీ గుమ్మళ్లే ఉన్న తోటలోదైతే పర్వాలేదు, పక్కన అదే జాతికి చెందిన మామూలు గుమ్మడి ఉంటే తేనెటీగ దాని పుప్పొడి కూడా తెచ్చి ఉండొచ్చు. ఉచితంగా దొరికితే, చోటు మిగిలితే నాటండి.

సెల్ఫ్, క్రాస్ (అంటే తల్లి ఒక విత్తనం మొక్క, తండ్రి వేరే విత్తనం మొక్క) మధ్య ఎంపికే అసలు ఆలోచించాల్సింది. మొక్కలో ఒక్కో జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి. ఆ రెండూ వేరువేరుగా ఉన్న చోట్లు ఒక్కసారి సెల్ఫ్ చేస్తే సగటున సగానికి తగ్గుతాయి, మళ్లీ చేస్తే పావుకు తగ్గుతాయి. అంటే సెల్ఫ్ విత్తనాలు ఒకదానికొకటి ఎక్కువ పోలికతో ఉంటాయి, ఏం వస్తుందో ఊహించడం కొంచెం తేలిక. తల్లి నిజంగా గొప్పదని పిల్లల ద్వారా రుజువైతే దాని సెల్ఫ్ విత్తనం మంచి బేరమే, ఎందుకంటే బయటి జన్యువులు కలవకుండా ఆ గుణాలే మళ్లీ వస్తాయి. దగ్గరి సంబంధాల వల్ల చాలా పంటల్లో మొక్క నీరసించిపోతుంది, గుమ్మడి జాతుల్లో ఆ నష్టం మొక్కజొన్న లాంటి వాటితో పోలిస్తే తక్కువ. అయితే ఈ భారీ గుమ్మళ్లన్నీ చాలా వరకు డిల్ వంశం నుంచే వచ్చాయి, అసలే చుట్టరికం ఎక్కువ, కాబట్టి సెల్ఫ్ మీద సెల్ఫ్ చేసుకుంటూ పోవడం నేను సలహా ఇవ్వను.

క్రాస్‌లో వైవిధ్యం ఎక్కువ. ఇద్దరు మంచి తల్లిదండ్రుల గుణాలు కలవొచ్చు, ఒకరి లోపాన్ని ఇంకొకరు కప్పొచ్చు, అదే సమయంలో ఇద్దరి లోపాలూ ఒకే గింజలో పడొచ్చు. ఒకే కాయలోని రెండు గింజలు ఒకే మొక్క అవుతాయనుకోవద్దు, అవి తోబుట్టువులు మాత్రమే, నకళ్లు కావు. నా లెక్క ఇలా ఉంటుంది: ఒకే పాదు వేసేవాళ్లు పిల్లలు రుజువు చేసిన విత్తనం, సెల్ఫ్ అయినా క్రాస్ అయినా, తీసుకోండి. మూడు నాలుగు పాదుల చోటుంటే రెండిట్లో రుజువైనవి వేసి, మిగతా చోట్లో రుజువైన తల్లిదండ్రుల మధ్య కొత్తగా చేసిన క్రాస్ వేయండి. కొత్త క్రాస్‌లు ఎవరూ నాటకపోతే రేపటి గొప్ప విత్తనం ఎప్పటికీ బయటపడదు, చోటున్నవాళ్లే ఆ పని చేయాలి.

బరువు కాకుండా ఇంకేం చూడాలి

కాయను నరకకుండా బరువు అంచనా వేయడానికి టేపుతో మూడు కొలతలు తీస్తారు: నేలకు సమాంతరంగా చుట్టుకొలత, పక్క నుంచి పక్కకు పైమీదుగా, తొడిమ నుంచి పువ్వు చివరకు పైమీదుగా. మూడూ కూడితే పట్టికలో అంచనా బరువు దొరుకుతుంది. అసలు కాటా మీద పెట్టినప్పుడు ఆ అంచనా కంటే ఎంత శాతం ఎక్కువో తక్కువో విత్తన జాబితాల్లో రాస్తారు. పట్టిక కంటే ఎక్కువ తూగే కాయలకు గోడ మందం ఎక్కువ, ఈ గుణం పిల్లలకు బాగానే దిగుతుంది. రెండు విత్తనాలు మిగతా అన్నిటిలో సమానంగా కనబడితే నేను ఎక్కువ తూగే వంశాన్నే ఎంచుకుంటాను.

పగుళ్లు ఇంకో పెద్ద విషయం. జోరు మీదున్నప్పుడు ఈ కాయ రోజుకు ఇరవై కిలోలకు పైనే పెరుగుతుంది, తోలు ఆ వేగాన్ని తట్టుకోలేకపోతే తొడిమ దగ్గరో పువ్వు చివరో చీలుతుంది, లోపలి గుల్ల దాకా చీలితే పోటీకి పనికిరాదు. డ్యామేజ్ అని ఉన్న విత్తనాన్ని చూడగానే పక్కన పెట్టేయకండి, పిల్లల్ని చూడండి. తల్లి ఒక్కటే పగిలి పిల్లలు బాగుంటే వానో ఎండో కారణమై ఉంటుంది, అలాంటివి తక్కువ పోటీతో దొరుకుతాయి కూడా. పిల్లల్లో సగం పగిలిపోతుంటే ఎంత బరువు కనబడినా ఒక్క పాదు ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. తొడిమ తీరు కూడా వంశంలో వస్తుంది. తొడిమ పొట్టిగా, తీగకు ఆనుకుని ఉంటే కాయ భుజాలు ఉబ్బుతున్నప్పుడు తీగ మీద ఒత్తిడి పడుతుంది, తెగిపోయే ప్రమాదం ఉంటుంది.

రంగు కోసం నాటేవాళ్లు సూటిగా రంగు కోసమే ఎంచుకోండి. ముదురు నారింజ వంశాలు వేరు, బరువు వంశాలు వేరు. రెండూ కలిసిన విత్తనాలు ఇప్పుడు వస్తున్నాయి కానీ, బరువులో పైనున్న కాయలు చాలా వరకు పాలిపోయిన పసుపులోనో లేత నారింజలోనో ఉంటాయి. వంశంలో ఆకుపచ్చ, బూడిద రంగు కాయలుంటే అవీ అడిగి తెలుసుకోండి, అలాంటి కాయ పోటీలో గుమ్మడి విభాగంలోకి రాదు, స్క్వాష్ కింద లెక్కేస్తారు.

తీగలో ఏం మారిందో కూడా ఒక మాట. ఆకులు ఎక్కువ ఆహారం తయారు చేయడం వల్లే కాయ ఇంత పెరుగుతోందని అనుకుంటాం. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో భారీ రకాల్లో కాయకు ఆహారం మోసే నాళాల కణజాలం, అంటే ఫ్లోయం, ఎక్కువగా ఉందని తేలింది. ఆకుల ఉత్పత్తి వేగంలోనూ నాళాల నిర్మాణంలోనూ పెద్ద తేడా లేదు. నన్ను బాగా ఆకట్టుకున్న విషయమిది, ఎందుకంటే మనవాళ్లు నాళాలను చూసి ఎంచుకోలేదు, కాయ పెద్దదైన మొక్కను మాత్రమే ఎంచుకున్నారు, ఆ ఎంపిక లోపల మోసే దారిని వెడల్పు చేసింది.

మీ తోటకు సరిపోతుందా

ఒక పాదు పూర్తిగా పాకడానికి ఐదు వందల నుంచి వెయ్యి చదరపు అడుగులు కావాలి, పాదుకు ఒక్క కాయే ఉంచాలి. మొలక నుంచి కోతకు దాదాపు నాలుగు నెలల నుంచి ఐదు నెలలు. మీ సీజన్ చిన్నదైతే త్వరగా పిందె కట్టి మొదటి నెలలోనే వేగంగా పెరిగే వంశం చూసుకోండి, ఆలస్యంగా మొదలై చివరి దాకా నిదానంగా పెరిగే వంశాలు మీ చలికి చిక్కుకుపోతాయి. సీజన్ పొడుగైతే రెండో రకమే లాభం. ఎండలు 32 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉండే చోట ఆకు వడలిపోతుంది, పిందె రాలుతుంది. అక్కడ నాటేవాళ్లు చల్లటి ప్రాంతాల రికార్డుల కన్నా తమలాంటి వేడి తోటల్లో నిలబడిన విత్తనాలకే ఓటెయ్యాలి, పిల్లల జాబితాలో ఊరు కూడా రాసి ఉంటుంది కాబట్టి ఇది వెతకడం కష్టం కాదు.

గింజ వయసు గురించి అనవసరంగా కంగారు పడతారు. చల్లగా, పొడిగా దాచిన గింజ ఐదారేళ్లు బాగా మొలుస్తుంది, ఇంకా పాతవి కూడా మొలవొచ్చు. చేతిలో పట్టుకుంటే నిండుగా, బరువుగా ఉండాలి, వంచితే మెత్తగా వంగిపోయేది ఖాళీ గింజ. తోలు మందం కాబట్టి మొన వదిలేసి అంచులు సన్నటి ఇసుక కాగితంతో కొంచెం అరగదీసి, కాసేపు నీళ్లలో నానబెట్టి, 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే చాలావరకు వారంలోపే మొలకెత్తుతుంది. అరుదైన విత్తనమైతే రెండు దగ్గర పెట్టుకోండి, ఒకటి కుళ్లినా సీజన్ పోదు.

వచ్చే ఏటికి మీ సొంత విత్తనం కావాలనుకుంటే, రేపు పొద్దున విచ్చుకోబోయే ఆడ పువ్వును, మగ పువ్వులను ముందు రోజు సాయంత్రమే గుడ్డ సంచితోనో దూదితోనో కట్టేయండి. తెల్లవారగానే మగ పువ్వు రేకులు తీసేసి పుప్పొడిని ఆడ పువ్వు కీలాగ్రం మీద అంతటా రాసి, మళ్లీ కట్టేయండి, ఎండెక్కితే పుప్పొడి పనిచేయదు. తీగకు చీటీ కట్టి తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ అప్పుడే రాయండి. కాయ కోశాక ఆ చీటీలో ఉన్నదే గింజల కవరు మీద కూడా రాయండి, కాయ అసలు బరువు, పట్టిక అంచనా కంటే ఎంత ఎక్కువో తక్కువో, పగులు ఏమన్నా వస్తే అది కూడా దాచకుండా రాయండి. మీ కాయ చిన్నదే అయినా సరే గింజలు నలుగురికి పంపించి, వాళ్లకు ఎంత తూగిందో అడిగి అదే కవరు మీద రాసుకుంటూ పోండి.